మా నాయిన రూపాయి బిళ్లతో కొట్టి ఎంచిన రాళ్లు

మిర్యాలగూడలో మేము అద్దెకు నడిపిన పాత టిఫిన్ సెంటర్ కౌంటర్ మీద అరచేయంత మచ్చ ఒకటి ఉండేది. ఉల్లిపాయలు, నిమ్మకాయలు కోసిపెట్టుకునే చోటు అది. సబ్బు పెట్టి తోమాను, సోడా వేసి రుద్దాను, పోలేదు. చాలా రోజుల తర్వాత తెలిసింది, అది మరక కాదు, పులుపు తినేసిన చోటు అని. ఆ కౌంటర్ పాలరాయి. పాలరాయి సున్నం జాతిది. నిమ్మరసమైనా, చింతపండు పులుసైనా, ఆఖరికి పెరుగైనా ఎక్కువసేపు నిలిస్తే పైనున్న నునుపును కరిగించేస్తుంది. తోమితే ఎలా పోతుంది? అక్కడ పోవలసింది రాయే.

అందుకే పోయిన ఏడాది కింద హోటల్, పైన ఇల్లు వచ్చేలా సొంతంగా కట్టుకున్నప్పుడు, బండలు మాత్రం నాయిన లేకుండా కొనేది లేదని మా ఆయనకు ముందే చెప్పాను.

నాయిన మర్రిగూడ వైపు పల్లెలో నలభై ఏళ్లు రాళ్లు కొట్టాడు. పొలాల చుట్టూ పాతే కడీలు, ఇళ్లకు గడపరాళ్లు, రోళ్లు, ఇసుర్రాళ్లు. మా వైపు బోరు నీళ్లు తాగి ఆయన కీళ్లు బిగుసుకుపోయాయి, మెడ పూర్తిగా తిరగదు, కింద కూర్చుంటే లేవలేడు. నీళ్లలోని ఆ ఫ్లోరైడ్ మా నేల కింద ఉన్న గ్రానైట్ శిలల్లోంచి దిగిందే. ఏ రాయి మాకు అన్నం పెట్టిందో ఆ రాయి నుంచే ఆయనకు ఆ నొప్పులూ వచ్చాయి. అయినా రాయి ముందు నిలబడితే నాయిన ముఖం మారిపోతుంది. రాళ్ల యార్డుల్లో స్లాబులు, అంటే కోసిన పెద్ద రాతి పలకలు, నిలబెట్టి ఉంచుతారు కాబట్టి వంగాల్సిన పని లేదని చెప్పగానే తువ్వాలు భుజాన వేసుకుని బయలుదేరాడు.

మొదట వెళ్లిన షాపులో ఏసీ గదిలో కూర్చోబెట్టి, జానెడు ముక్కలు టేబుల్ మీద పరిచారు. ఒక్కోదానికీ ఒక పేరు, పైన లైట్లు, అన్నీ మెరుస్తున్నాయి. నాకు అందులో రెండు నచ్చేశాయి కూడా. నాయిన ఒక ముక్క చేతిలోకి తీసుకుని తిప్పి పెట్టేశాడు.

"బిడ్డా, ముక్కను చూస్తే ఏం తెలుస్తది? పుట్టుమచ్చ చూసి మనిషి ఎట్లాంటోడో చెప్పినట్టు ఉంటది. రాయి కాడికి పోదాం పా."

బయట ఎండలో స్లాబులు చూస్తే ఆ మాట నిజమైంది. లోపల ముక్కలో ఒక పద్ధతిగా కనిపించిన గోధుమ రంగు, తొమ్మిది అడుగుల రాయిలో ఒకచోట ఎరుపు, ఒకచోట నలుపు, మధ్యలో ఇంత మందాన తెల్ల చార. అది దోషం కాదు, రాయి గుణం. కానీ ఆ చార మీ టేబుల్ నడిమధ్యకు వస్తుందో, అంచున పోతుందో స్లాబు మొత్తం చూస్తేనే తెలుస్తుంది. గదిలోని పసుపు లైటు కింద ఏ రాయి రంగూ నమ్మకండి. పగటి వెలుతురులో చూడండి, వీలైతే సాయంత్రం ఇంకోసారి చూడండి.

అక్కడ నాయిన చేసిన పరీక్ష నేను రాళ్ల పనివాళ్లింట్లో పుట్టి కూడా ఎప్పుడూ గమనించనిది. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి, స్లాబును ఒక మూల నుంచి మొదలుపెట్టి జానెడు దూరానికి ఒకసారి కొట్టుకుంటూ పోయాడు. కళ్లు మూసుకుని వింటున్నాడు. మంచి రాయి ఖంగుమంటుంది, ఇత్తడి చెంబును తట్టినట్టు. ఒకచోట మాత్రం శబ్దం చచ్చుగా వచ్చింది. నన్ను పిలిచి మళ్లీ కొట్టి చూపించాడు. "ఇనబడ్డదా? ఈడ లోపల పగులు ఉంది."

కంటికి ఏమీ లేదు. నాయిన బకెట్ నీళ్లు అడిగి ఆ భాగం తడిపించి, పొడి గుడ్డతో తుడిపించాడు. అంతా ఆరిపోయింది, ఒక సన్నని గీత మాత్రం తడిగా, నల్లగా మిగిలింది. పగుళ్లు నీళ్లు తాగి ఆలస్యంగా ఆరతాయి. ఇంకో సంగతి కూడా చెప్పాడు, అది అందరికీ పనికొస్తుంది. గీత కనిపించిన ప్రతిదీ పగులు కాదు. గోరు అడ్డంగా జరిపి చూడండి. గోరు నున్నగా జారిపోతే అది రాయిలో పుట్టుకతో ఉన్న చార. గోరు తట్టుకుంటే పగులు. అలాంటిదాన్ని వంటగట్టుకు, అందులోనూ సింక్ కోసం రంధ్రం కోసే రాయికి అసలు తీసుకోవద్దు.

ఆ షాపులో కొనకపోవడానికి కారణం పగులు కాదు, కొలత. టేపు పెడితే స్లాబు 9 అడుగుల 3 అంగుళాలు, 5 అడుగుల 7 అంగుళాలు వచ్చింది. అంటే 51.6 చదరపు అడుగులు. వాళ్ల కాగితంలో తొమ్మిదిన్నర ఇంటూ ఆరు, 57 అని రాసి ఉంది. ఒక్క రాయికి ఐదు అడుగులకు పైగా తేడా. మాకు కావలసినవి ఆరు స్లాబులు, అంటే 32 అడుగులకు ఊరికే డబ్బు కట్టాలి. అడిగితే అందరూ ఇలాగే రాస్తారన్నారు. అందరూ రాయరు. తర్వాత వెళ్లిన యార్డులో మా ముందే టేపు పట్టి, విరిగిన మూలలు వదిలేసి, మంచి భాగానికే లెక్క కట్టారు. మీ టేపు మీరు తీసుకెళ్లండి, అంకెలు మీ పుస్తకంలో రాసుకోండి.

ఇక నలుపు సంగతి. హోటల్ కౌంటర్‌కు నల్లరాయే కావాలని నా పట్టుదల. మార్కెట్లో గ్రానైట్ అని అమ్మే నల్లరాళ్లు చాలావరకు భూగర్భశాస్త్రం లెక్కలో గ్రానైట్లు కావు. చీమకుర్తి నుంచి వచ్చే బ్లాక్ గెలాక్సీ కూడా గాబ్రో అనే వేరే రాయి జాతిది, బంగారు చుక్కలు అందులోని ఖనిజం మెరుపు. మన నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు తెల్లగుట్టల మధ్య కంచె కట్టినట్టు పొడుగ్గా పోయే నల్లటి రాళ్ల వరసలు చూసే ఉంటారు. అవి డోలరైట్. నాయిన వాటిని నల్లరాయి గట్లు అంటాడు, సమ్మెట దెబ్బకు అంత తొందరగా లొంగేవి కావని ఇప్పటికీ గౌరవంగా చెబుతాడు.

నల్లరాయి పాలిష్ ఎంతకాలం నిలుస్తుందో చూడాలంటే సూర్యాపేట పక్కన పిల్లలమర్రికి వెళ్లండి. కాకతీయుల కాలంలో, 1208లో కట్టిన ఎరకేశ్వరాలయంలో నల్లటి స్తంభాల ముందు నిలబడితే మన నీడ అందులో కనిపిస్తుంది. మిషన్లు లేని రోజుల్లో మనుషులు చేతులతో అరగదీసిన నునుపు అది. చిన్నప్పుడు నాయిన నన్ను అక్కడికి తీసుకెళ్లి, స్తంభం మీద నా అరచేయి పెట్టించి, "ఎనిమిది వందల ఏండ్లు, చూడు" అన్నాడు.

అయితే నల్లగా ఉన్నదంతా ఆ నల్లరాయి కాదు. బూడిద రంగు రాయికి నల్లరంగు పట్టించి అమ్మేవాళ్లున్నారు. మా బంధువులింట్లో వంటగట్టు మూడు నెలలకే పొయ్యి పక్కన తెల్లబారింది. పరీక్ష చాలా తేలిక. తెల్లగుడ్డను థిన్నర్‌లో ముంచి ఒక మూల గట్టిగా రుద్దండి. గుడ్డకు నలుపు అంటితే వదిలేయండి. అంచులు బూడిదగా కనిపించాయని మాత్రం అనుమానపడకండి. అసలైన నల్లరాయి కూడా పాలిష్ లేని చోట బూడిదగానే ఉంటుంది. తర్వాత నిమ్మచెక్క పిండి పది నిమిషాలు ఆగండి. గ్రానైట్, డోలరైట్ లాంటి రాళ్లకు ఏమీ కాదు. కడప నల్లబండ అయితే అక్కడ మసకబారుతుంది, ఎందుకంటే అది సున్నపురాయి. కడప బండ చెడ్డదని కాదు. అల్మారా అరలకు దానంత చవగ్గా, గట్టిగా ఇంకోటి దొరకదు. నేనూ సామాన్ల గదికి అదే వేయించాను. పులుపు పడే చోట వద్దంతే.

నల్లరాయితో ఒక ఇబ్బంది మాత్రం ఉంది, ముందే తెలిసుండాలి. మా బోరు నీళ్లు ఆరితే తెల్లటి చుక్కలు పడతాయి. తెల్లరాయి మీద కనిపించవు, నల్లదాని మీద ప్రతి చుక్కా కనిపిస్తుంది. రోజూ రాత్రి కౌంటర్ కడిగాక పొడి గుడ్డతో తుడిచి ఆరబెడతాం. ఆ ఓపిక లేకపోతే టాన్ బ్రౌన్ తీసుకోండి. కరీంనగర్ రాయి, గోధుమ రంగు మీద ఎరుపు నలుపు మచ్చలు. సాంబారు చుక్క పడినా కంటికి ఆనదు. మా ఎనిమిది టేబుళ్లకూ అదే వేశాం. ఒకే దిమ్మె నుంచి కోసిన స్లాబులు కావాలంటే అంచున రాసిన నంబర్లు చూసి వరసగా ఉన్నవి తీసుకోవాలి. నంబరు తప్పితే రంగూ తప్పుతుంది.

మహబూబ్‌నగర్‌లో మా మరిది బట్టల షాపు గురించి కూడా చెప్పాలి, అది చూశాకే నాకు నేల సంగతి అర్థమైంది. షాపంతా తెల్ల పాలరాయి పరిపించాడు. ఏడాది తిరక్కుండానే గుమ్మం నుంచి క్యాష్ కౌంటర్ దాకా కాలిబాట లాగా మసక దారి ఒకటి పడింది. చెప్పులకు అంటుకుని వచ్చే ఇసుకే కారణం. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలమానంలో 7, పాలరాయిది 3. రోజుకు రెండు వందల మంది ఆ ఇసుకతో నేలను రుద్దుతున్నట్టే కదా. చివరికి గుమ్మం దగ్గర పది అడుగులు తీసేసి గ్రానైట్ వేయించాడు. జనం చెప్పులతో తిరిగే చోట పాలరాయి పెట్టమని ఎవరు చెప్పినా వినకండి, ఎంత ఖరీదైన ఇటాలియన్ మార్బుల్ అయినా సరే. మా ఇంట్లో మకరానా పాలరాయి ఉన్నది పూజగదిలో దేవుడి పీట ఒక్కటే. నూనె, కుంకుమ ఇంకకుండా దీపం కింద ఇత్తడి పళ్లెం పెడతాను.

పైన పడకగదుల్లో తాండూరు నీలం బండ వేసి, పరిచాక పాలిష్ పట్టించాం. మే నెల మధ్యాహ్నం ఆ నేల మీద చాప కూడా లేకుండా పడుకుంటే వీపుకు చల్లగా తగులుతుంది. అదీ సున్నపురాయే కాబట్టి ఇల్లు తుడిచే ఆమెకు మొదటి రోజే చెప్పాను, యాసిడ్ బాటిల్ ఈ గదుల్లోకి రాకూడదని. తాండూరు బండ పాడైందని చెప్పే ఇళ్లలో నేను చూసినంతవరకు బండ తప్పు లేదు, యాసిడ్‌తో కడిగారు.

మెట్లకూ, హోటల్ ముందు ర్యాంపుకూ అద్దం లాంటి పాలిష్ వద్దు. వాన పడితే జారుతుంది. ర్యాంపుకు మంటతో కాల్చి గరుకు చేసిన రాయి, వంట నేలకు లెదర్ ఫినిష్, అంటే తోలులా కాస్త గరుకుగా ఉండేది తీసుకున్నాం. పూర్తిగా గరుకుదైతే జిడ్డు వదలదు, అందుకే వంట నేలకు ఆ మధ్యరకం.

మందం దగ్గర కక్కుర్తి పడొద్దు. 20 మిల్లీమీటర్ల రాయి చదరపు అడుగుకు సుమారు ఐదు కిలోలు తూగుతుంది. అంటే మేము కొన్న ఒక్కో స్లాబు 250 కిలోల పైమాటే. కొన్ని ఫ్యాన్సీ రాళ్లకు వెనక వల అతికించి ఉంటుంది. పలుచగా, బలహీనంగా ఉన్న రాయి విరగకుండా వేస్తారు దాన్ని. మోసమని కాదు, కానీ ఆ జిగురు మీద సిమెంటు సరిగా పట్టదు, వేరే అంటు వాడాలి. అడిగి తెలుసుకోండి.

పని మొదలైన రోజు మేస్త్రి మెట్ల దగ్గర మిషన్‌తో పొడిగానే కోయడం మొదలుపెట్టాడు. తెల్లటి దుమ్ము మేడ మీదిదాకా లేచింది. నాయిన అంత గట్టిగా అరవడం నేను ఎన్నడూ వినలేదు. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఆయనతో పనిచేసిన వాళ్లు దగ్గి దగ్గి పోయారు. మిషన్ ఆపించి, కోసే చోట నీళ్లు పోయడానికి ఒక మనిషిని పెట్టించాడు, పని చేసే కుర్రాళ్లందరికీ మాస్కులు కొనుక్కురమ్మని మా ఆయనను పంపాడు. పని ఒక రోజు ఆలస్యమైంది. మీ ఇంట్లో బండలు కోసేటప్పుడు కూడా దయచేసి నీళ్లు పోయించండి. ఆ కుర్రాళ్లలో ఒకడికి ఇరవై ఏళ్లు కూడా లేవు.

కౌంటర్ పరిచిన నాలుగో రోజు పొద్దున్నే నాయిన వచ్చాడు. మళ్లీ అదే రూపాయి బిళ్ల. సింక్ పక్కన రాయి ఖంగుమంది, పొయ్యి దగ్గరదీ ఖంగుమంది. మూడో ముక్క మధ్యలో డబ్బా తట్టినట్టు డొల్లగా మోగింది. మేస్త్రి ఒప్పుకోలేదు, ఇది మామూలేనన్నాడు. నాయిన ఇంకోసారి కొట్టి, "నువ్వే ఇను కొడుకా" అని బిళ్ల అతని చేతిలో పెట్టాడు. మేస్త్రి రెండుసార్లు కొట్టి చూసుకుని, మాట్లాడకుండా గడ్డపార తెచ్చి రాయి లేపాడు. కింద అరచేయంత చోట అసలు సిమెంటు మాల్ పడలేదు.