మత ప్రకటనను కాదన్నప్పుడు చెప్పే కారణం

2015 చివరలో, క్రిస్మస్‌కు ముందు సినిమా హాళ్లలో చూపించడానికి చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ఒక నిమిషం ప్రకటన తీయించింది. అందులో ఉపన్యాసం లేదు, విరాళాల అభ్యర్థన లేదు. బరువులెత్తే వ్యక్తి, పోలీసు, శరణార్థులు, పిల్లలు, చివరకు ఆర్చ్‌బిషప్ కూడా ‘పరలోకమందున్న మా తండ్రీ’ అన్న ప్రార్థనను తలా ఒక మాటగా పలుకుతారు, అంతే. సెన్సారు దానికి అందరూ చూడదగినదిగా ‘యు’ ఇచ్చింది. అయినా ఓడియన్, సినీవరల్డ్, వ్యూ హాళ్లకు ప్రకటనలు సమకూర్చే డిజిటల్ సినిమా మీడియా సంస్థ, రాజకీయ, మత ప్రకటనలు కొందరి మనసు నొప్పించవచ్చునంటూ దానిని తిరస్కరించింది. నాస్తికుడైన రిచర్డ్ డాకిన్స్ సైతం ఆ కారణాన్ని తప్పుపట్టారు.

తిరస్కరించే హక్కు ఆ సంస్థకు లేదని నేననను. నాకు మింగుడుపడనిది ఆ సాకు మాత్రమే. ఎవరో నొచ్చుకోవచ్చుననే ఊహకు హద్దు ఎక్కడ గీస్తారు?

అంతకంటే గట్టి కారణం ఐర్లండ్‌కు చెందిన ఒక వ్యాజ్యంలో కనిపిస్తుంది. 1995 ఈస్టర్ సమయంలో, క్రీస్తు పునరుత్థానంపై వీడియో ప్రదర్శనకు ఆహ్వానిస్తూ ఒక పాస్టర్ రేడియోకిచ్చిన ప్రకటనను, మత ప్రకటనలను నిషేధించిన 1988 నాటి చట్టం ప్రకారం నియంత్రణ సంస్థ ఆపించింది. 2003లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఆ నిషేధాన్ని సమర్థిస్తూ, తలుపు కొంచెం తెరిచినా అనుచరులూ ధనమూ ఎక్కువగా ఉన్న మతానికే అది లాభిస్తుందనీ, పైగా పత్రికల వంటి ఇతర మార్గాలు ఆయనకు ఉండనే ఉన్నాయనీ పేర్కొంది. ఆ తీర్పులో మతపరమైన సున్నితత్వం ప్రస్తావన కూడా ఉంది. ఈ వాదనతో విభేదించవచ్చు గానీ, ఇది మాత్రం ఎవరి మనోభావాలమీదా ఆధారపడలేదు, పెద్ద మతానికీ చిన్న మతానికీ ఒకే కొలత వేసింది.

ఆ కొలత లేనప్పుడు ఏమవుతుందో 2004లో అమెరికాలో తేలింది. స్వలింగ జంటతో సహా కొందరిని చర్చి గుమ్మం దగ్గరే కాపలావాళ్లు ఆపేసినట్లు చూపి, తాము మాత్రం ఎవరినీ వెళ్లగొట్టబోమని చెప్పిన యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ ప్రకటనను సీబీఎస్, ఎన్‌బీసీ టీవీ ఛానెళ్లు వద్దన్నాయి. వివాహమంటే స్త్రీ పురుషుల మధ్య బంధమేనంటూ ప్రభుత్వం ప్రతిపాదించిన రాజ్యాంగ సవరణను సీబీఎస్ తన కారణాలలో ప్రస్తావించింది. అక్కడ అడ్డొచ్చింది మతం కాదు, నాటి రాజకీయం. ఛానెళ్లు మత ప్రకటనలపై తమ నియమాన్ని ప్రకటనల ధరల పట్టికలోనే ముందుగా అచ్చువేసి ఉంటే, ఆ చర్చి ప్రకటన తీయడానికి ఖర్చు పెట్టకముందే తన దారి తాను చూసుకునేది.