వంకాయ తగిలితే నీరసం

మెల్‌బోర్న్‌లో బడులకు వేసవి సెలవులు డిసెంబరులో మొదలై జనవరి చివరిదాకా ఉంటాయి గనుక, సంక్రాంతికి పిల్లల్ని కోనసీమకు తీసుకురావడం అమెరికాలో ఉన్న మా బంధువులకంటే మాకే సులువు. ఈసారి అంబాజీపేట దగ్గర మా పుట్టింట్లో నాలుగు వారాలు ఉన్నాం. పండుగ మూడు రోజులూ, అందులో కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థమూ పోను, మిగిలిన మధ్యాహ్నాలు ఎలా గడపాలో తోచక మా పిల్లలు ఫోనుల కోసం వెతుక్కుంటుంటే, 1995 వేసవిలో మా నాన్నగారు అమలాపురంలో కొన్న టీవీ గేమును అటక మీదనుంచి దింపి ఇచ్చాను. అబ్బాయికి పదకొండేళ్ళు, అమ్మాయికి ఎనిమిది. ఆ పెట్టెతో పాటు వచ్చిన క్యాసెట్టు మీద అరవై నాలుగు ఆటలని ముద్రించి ఉన్నా, చాలావాటిని పేర్లు మార్చి మళ్ళీ మళ్ళీ ఎక్కించారు; ఆడదగ్గవి రెండేనని నా అభిప్రాయం. ఒకటి సూపర్ మారియో బ్రదర్స్, రెండోది అడ్వెంచర్ ఐలాండ్. మొదటిది గొప్ప ఆట అని లోకమంతా అంటుంది, నేనూ కాదనను. కానీ అమ్మమ్మకూ మనవలకూ నడుమ చాలినంత భాష లేని మా ఇంటికి రెండోదే ఎక్కువ పనికివచ్చింది.

ముందు పెట్టె సంగతి చెప్పాలి. అది నింటెండో వారు 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్ అనే టీవీ గేము పెట్టెకు నకలు. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల నేను చూసినవన్నీ నకళ్ళే. దాన్ని కన్సోల్ అంటారని నాకు ఆస్ట్రేలియా వెళ్ళాకే తెలిసింది. దింపిన రోజున అది పనిచేయలేదు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఇన్నేళ్ళు పడి ఉన్న క్యాసెట్టు రాగి పళ్ళకు చిలుము పట్టింది. చిన్నప్పుడు మేము చేసినట్టే మా అబ్బాయి దాన్ని నోటితో ఊదబోతే ఆపాను, ఎందుకంటే ఊదినప్పుడు పోయే దుమ్ముకంటే చేరే తడే ఎక్కువ, ఆ తడికే మళ్ళీ చిలుము పడుతుంది. పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో ఒక్కొక్క పన్నూ మెల్లగా రుద్ది, స్పిరిటులో ముంచిన దూదితో తుడిచాం. దూది ఆకుపచ్చగా మారడం చూసి మా అమ్మాయి ఆశ్చర్యపోయింది. అడాప్టరు మాత్రం పూర్తిగా పోయింది. అమలాపురంలో రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "ఆయ్, ఇంకా దీన్ని ఉంచారాండీ!" అని నవ్వి, తొమ్మిది వోల్టులది ఒకటి వెతికి, ప్లస్సూ మైనస్సూ సరిచూసి ఇచ్చారు. గోడకు తగిలించిన కొత్త టీవీకి ఆ పాత తీగ పెట్టుకునే చోటే లేకపోవడంతో, గదిలో మూలన గుడ్డ కప్పి ఉన్న డబ్బా టీవీకి మళ్ళీ పని పడింది.

మారియో 1985లో వచ్చింది. నేను పుట్టిన సంవత్సరమూ అదే, ఈ మాట విన్నప్పటినుంచి మా అమ్మాయి నా వయసును మారియోతోనే కొలుస్తోంది. ఎనిమిది లోకాలు, ఒక్కొక్క లోకంలో నాలుగు అంచెలు, మొత్తం ముప్పై రెండు. బొమ్మలూ రంగులూ సంగీతమూ కలిపి ఇదంతా నలభై కిలోబైట్లలో ఇమిడింది; నేను ఈ వ్యాసం కోసం తీసిన ఒక్క ఫొటో దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. చోటు పొదుపు కోసం ఒకే బొమ్మకు తెల్లరంగు వేసి మేఘమనీ, ఆకుపచ్చ వేసి పొద అనీ చూపించారని చెప్పగానే మా అమ్మాయి టీవీ అద్దానికి ముక్కు ఆనించి రెంటినీ పోల్చుకుని, "అమ్మా, ఇది చీటింగ్" అని తీర్పు చెప్పింది.

ఈ ఆట నాకు కంఠతా రావడానికి కారణం తుఫాను. 1996 నవంబరు 6న వచ్చిన తుఫానుకు కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. మా ఊరికి వారాల తరబడి కరెంటు రాలేదు. నాకప్పుడు పదకొండేళ్ళు, మా అన్నయ్యకు పధ్నాలుగు. పెద్దవాళ్ళు పడిపోయిన చెట్లు లెక్కపెట్టుకుంటూ తిరుగుతుంటే, మేమిద్దరం అరుగు మీద సుద్దముక్కతో మారియో మొదటి అంచె మొత్తం గీశాం. ముందు ఒంటరిగా వేలాడే ప్రశ్నార్థకం పెట్టె, తర్వాత ఇటుకల వరుస, అందులో పుట్టగొడుగు, ఒకదానికంటే ఒకటి ఎత్తయ్యే గొట్టాలు, నాలుగో గొట్టంలోకి దిగితే నేలమాళిగలో నాణేలు, ఆ గొట్టం దాటాక మొదటి గోతికి ముందు కంటికి కనిపించకుండా దాక్కున్న అదనపు ప్రాణం, చివరగా మెట్లు, జెండాకర్ర. చింతగింజను మారియో చేసి, గవ్వలు వేసి పడిన పందెం ప్రకారం నడిపించేవాళ్ళం. అడ్వెంచర్ ఐలాండ్‌ను కూడా అలాగే గీద్దామని ప్రయత్నించాం గానీ అది అరుగు మీదకు రాలేదు. కారణం అప్పుడు తెలియలేదు. మారియో ఒక ఊరు. దారులు, దొడ్డిదారులు, దాచిన సొమ్ము ఉన్న చోటు అది, దాన్ని గీయవచ్చు. రెండోది ఆకలి. దాన్ని సుద్దముక్కతో ఎలా గీస్తారు?

అడ్వెంచర్ ఐలాండ్ హడ్సన్ సాఫ్ట్ వారు 1986లో తెచ్చిన ఆట. అసలు ఇది వండర్ బాయ్ అనే మరో ఆట నుంచి పుట్టింది. దాన్ని ఫ్యామికామ్‌కు మార్చినప్పుడు కథానాయకుణ్ణి తీసివేసి, తమ కంపెనీ ఉద్యోగే అయిన తాకాహాషి మేజిన్‌ను ఆ స్థానంలో పెట్టారు. బటన్‌ను సెకనుకు పదహారుసార్లు నొక్కగలడని జపాన్‌లో పిల్లలందరికీ తెలిసిన మనిషి ఆయన. సముద్రం దాటి అమెరికా చేరేసరికి అదే మనిషి మాస్టర్ హిగిన్స్ అయిపోయాడు. అయిదక్షరాల మా అబ్బాయి పేరు మెల్‌బోర్న్ బడిలో రెండక్షరాలైన వైనం నాకు ఈ సందర్భంలో గుర్తుకు రాకుండా ఉండదు, కానీ వాడికి మాత్రం అది ఫిర్యాదు చేయవలసిన విషయంగా తోచలేదు.

గడ్డి లంగోటా కట్టుకుని టోపీ పెట్టుకున్న ఈ మనిషి చేతిలో మొదట ఏమీ ఉండదు. దారిలో గుడ్డు పగిలితే రాతి గొడ్డలి దొరుకుతుంది, మరో గుడ్డులో చక్రాల పలక. ఆ పలక ఎక్కితే నెమ్మదించవచ్చు గానీ ఆగడం కుదరదు. దానికి బదులు శత్రువు తగిలినప్పుడు పలక పోతుంది గాని ప్రాణం పోదు. పలక లేనప్పుడు నత్త తగిలినా చావే. మారియోకు పుట్టగొడుగు తిన్నాక ఒక దెబ్బ ఓర్చుకునే వీలుంది, పైగా గడియారం తప్ప ఎవరూ తరమరు; ఒకచోట నిలబడి ఆలోచించవచ్చు. హిగిన్స్‌కు ఆ వెసులుబాటు లేదు. తెర పైభాగాన ఓపిక గీతలుగా కనిపిస్తూ, అతను నడిచినా నిలుచున్నా ఒక్కొక్కటే తరిగిపోతుంది. రాయి తట్టుకుంటే మరికొన్ని పోతాయి. గాలిలో వేలాడే పండు తింటే కొన్ని తిరిగి వస్తాయి. పండు మీదా కన్ను ఉండాలి, కాలి కింద నత్త మీదా ఉండాలి. నిజం చెప్పాలంటే ఇది కాస్త కటువైన ఆట, అంచెలు కూడా పోను పోను ఒకదానిలాగే మరొకటి ఉంటాయి. మారియోలో ఉన్న కొత్తదనం ఇందులో సగం కూడా లేదు.

అయినా మా అమ్మకు నచ్చినది ఇదే. ఆవిడ మారియోను రెండు రోజులు చూసింది. తాబేలును ఎందుకు తొక్కాలి, ఇటుకను తలతో ఎందుకు కొట్టాలి, రాజకుమారి ఈ కోటలో లేదు ఇంకో కోటలో ఉందని అంత కష్టపడ్డాక ఎందుకు చెబుతున్నారు అని అడిగి, పిల్లలు తమ వచ్చీరాని తెలుగులో చెప్పిన జవాబులు అర్థంకాక వత్తులు చేసుకోవడానికి లేచిపోయింది. మూడోరోజు అడ్వెంచర్ ఐలాండ్ పెట్టగానే, ఏమీ చెప్పకుండానే ఆ గీతలు ఏమిటో గ్రహించేసింది.

"ఒరేయ్ నాన్నా, ఓపిక అయిపోతోంది చూడు! ఆ అరటిపండు తిను ముందు. తినకుండా పరిగెడితే ఎంతదూరం పోతాడ్రా?"

ఇరవై ఏళ్ళు నాకు, ఆ తర్వాత వీడియో కాల్‌లో పిల్లలకు ఆవిడ చెబుతూ వచ్చిన మాటే అది. తేడా ఏమిటంటే, ఫోనులో ఆ మాట వినగానే కుర్చీలో జారగిలబడే మా అబ్బాయి, ఇక్కడ ఆ మాట విని చటుక్కున ఎగిరి అరటిపండు అందుకున్నాడు. ఆ రోజునుంచి ఆవిడ మడతకుర్చీ టీవీ ముందుకు వచ్చింది. పైకి, కిందకి, ఆగు, దూకు, నత్త, పాము, గొడ్డలి విసురు, రాయి ఉంది చూసుకో అంటూ ఆవిడ అరిచే మాటలకు వాడి వేళ్ళు ముందు, బుర్ర తర్వాత తెలుగు నేర్చుకున్నాయి. మెల్‌బోర్న్‌లో నేను శనివారాలు నడిపిన పలకా బలపం తరగతుల్లో వాడు ఒక్క ఆజ్ఞార్థకమైనా సరిగ్గా పలికిన పాపాన పోలేదు.

ఇక వంకాయ. ఈ ఆటలో కొన్ని గుడ్లలో మేలు చేసే వస్తువులకు బదులు ఒక వంకాయ బయటికి వచ్చి మనిషి తల మీద తేలుతూ వెంటపడుతుంది. అది ఉన్నంతసేపూ ఓపిక గీతలు మామూలుకంటే ఎంతో వేగంగా కరిగిపోతాయి. మొదటిసారి అది రాగానే మా అమ్మ నిర్ఘాంతపోయింది. గుత్తివంకాయ కూర లేకుండా పండుగ చేయని ఇల్లు మాది.

"వంకాయ తగిలితే నీరసమా? ఎవడ్రా ఈ ఆట చేసినవాడు?"

వంకాయ ముట్టని మా అబ్బాయికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? ఆ మధ్యాహ్నం కంచంలో వంకాయను పక్కకు నెట్టి, టీవీ వైపు వేలు చూపించాడు. అంతటితో ఆగక, ఆస్ట్రేలియాలో వంకాయను ఎగ్‌ప్లాంట్ అంటారనీ, అందుకే అది గుడ్డులోంచి వచ్చిందనీ అమ్మమ్మకు చెప్పాలని వాడి తాపత్రయం. ఇంగ్లీషులో ఒక్క క్షణంలో పేలే ఆ హాస్యం తెలుగులోకి తేవడానికి వాడు పడిన పాట్లు నేను పప్పు వడ్డిస్తూ చూశాను. చాలాసేపు చేతులు తిప్పి, చివరికి, "అమ్మమ్మా, గుడ్డులోంచి... గుడ్డుచెట్టు వచ్చింది!" అన్నాడు.

"గుడ్డుచెట్టేవిట్రా?"

"వంకాయే గుడ్డుచెట్టు. మా ఊళ్ళో."

ఆవిడకు అర్థమవడానికి ఇంకొంత సేపు పట్టింది. అర్థమయ్యాక పొలమారేలా నవ్వింది. నేను కలగజేసుకోలేదు, ఒక్క మాటా అందివ్వలేదు. కష్టం మీద ఆపుకున్నాను. "మా ఊళ్ళో" అని వాడు మెల్‌బోర్న్ గురించి అన్నాడని మాత్రం నాకు ఆ రాత్రి పడుకున్నాక తట్టింది.

మా అమ్మాయి మారియో పక్షమే. దాచిన గొట్టాలూ, అంచెలు దాటించే దొడ్డిదారులూ ఒక్కతే కూర్చుని వెతుక్కోవడం దానికి ఇష్టం. ఒకరోజు అరుగు మీద సుద్దముక్కతో మొదటి అంచె గీయడానికి కూర్చుంటే, ఆ కనిపించని ప్రాణం ఎక్కడ ఉంటుందో వీడియో కాల్‌లో మా అన్నయ్యే చెప్పాడు. మారియోలో ఇద్దరు ఆడవచ్చు గానీ ఒకరు చస్తేనే రెండోవారి వంతు. చిన్నప్పుడు మా అన్నయ్య చావక నేను గంటలకొద్దీ రెండో ఆటగాడి బొమ్మ లుయీజీ కోసం ఎదురుచూసిన కసి నాకు ఇంకా పోలేదు. అడ్వెంచర్ ఐలాండ్ ఒక్కరి ఆటే. కాబట్టి "ఈ ప్రాణం నీది, ఆ ప్రాణం నాది" అని మేము పెట్టుకున్న పద్ధతినే పిల్లలకు నేర్పాను. వాళ్ళు దానికి ఒక సవరణ చేసి, చివరి ప్రాణం అమ్మమ్మకు కేటాయించారు.

ఆవిడ ఒక్కసారే ఆడింది, మేము బయలుదేరే ముందు రాత్రి. కళ్ళజోడు సర్దుకుని, బాణం గుర్తు మీద బొటనవేలు గట్టిగా నొక్కిపట్టి, రెండు నత్తలను పిల్లల అరుపుల సాయంతో దాటి, ఒక పండు తిని, "ఇప్పుడు కాస్త నిలబడనీండర్రా" అని రిమోటు ఒళ్ళో పెట్టుకుంది. నిలబడకూడదని ఇద్దరూ ఒకేసారి అరిచారు. ఇంతలో వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. ఆవిడ రిమోటు వాడి చేతిలో పెట్టి లేచేలోపలే గీతలన్నీ అయిపోయాయి.

పెట్టె అక్కడే ఉంచి వచ్చాం. బడి తెరిచిన రెండోవారం సాయంత్రం కారు ఎక్కుతూనే మా అబ్బాయి బ్యాగు వెనక సీటులోకి విసిరి, "అమ్మా, రెండు గీతలే ఉన్నాయి" అన్నాడు, తెలుగులోనే. ఇంటికి వెళ్ళి అన్నం పెట్టాను. వంకాయ మాత్రం ఇప్పటికీ ముట్టడు.