సెయింట్ పీటర్ వీధిలో నైట్ డ్యూటీ

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో, ఫ్రెంచ్ క్వార్టర్ అనే పాత పేటలో హోటల్ రిసెప్షన్ ఉద్యోగం నాది. ప్రిజర్వేషన్ హాల్ అనే జాజ్ కచేరీల హాల్‌కి వెళ్లొచ్చా అని అడిగే గెస్టులకి ముందు అక్కడ లేనివన్నీ చెప్పేస్తాను. మందు అమ్మరు. తినడానికేమీ ఉండదు. వాయిస్తుంటే ఫోన్ తీసి ఫోటోలు కొట్టకూడదు. కొన్ని బెంచీలు, ముందు నేల మీద మెత్తలు, మిగతావాళ్లు వెనక నిలబడాలి. అంతా కలిపి 45 నిమిషాలే. గ్లాసు చేత్తో పట్టుకుని బార్లుండే బర్బన్ స్ట్రీట్‌లో తిరగడానికే వచ్చినవాళ్లు అది వినగానే ఆలోచన మానుకుంటారు. మంచిదే, లోపల వందమంది పడితే గొప్ప.

హాల్ అడ్రసు 726, సెయింట్ పీటర్ వీధి. పాతబడిన గోడలు, ఇనుప గేటు. 1950ల్లో ఇది లారీ బోరెన్‌స్టీన్ ఆర్ట్ గ్యాలరీ. దుకాణం వదిలి జాజ్ వినడానికి వెళ్లే వీలు లేక, వాయించేవాళ్లనే లోపలికి పిలిపించుకునేవాడాయన. డ్యూటీలోంచి కదల్లేని మనిషి అవస్థ నాకు వేరే చెప్పక్కర్లేదు. 1961లో పెన్సిల్వేనియా నుంచి వచ్చిన కొత్త జంట అలన్, శాండ్రా జాఫీ ఆ చోటుని నడపడం మొదలుపెట్టారు. ఆయన ట్యూబా వాయించేవారు, ఆవిడ గేటు దగ్గర బుట్ట పట్టుకుని డబ్బులు వసూలు చేసేవారు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకచోట కలవకూడదని చట్టాలున్న రోజులవి. హాల్లో మాత్రం కలిసే కూర్చున్నారు. అందుకు ఓసారి శాండ్రాని బ్యాండువాళ్లతో సహా అరెస్టు చేశారు కూడా.

ఆ హాల్లో క్లారినెట్ వాయించిన జార్జ్ లూయిస్ రేవులో బరువులు మోసి పొట్టపోసుకున్నవాడు. స్వీట్ ఎమ్మా బారెట్ పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయాక కూడా కుడిచేత్తో పియానో వాయించింది. గెస్టులు వీళ్ల గురించి చదివి సంగీతం మీద ప్రేమ అంటారు. ప్రేమ ఉండే ఉంటుంది, నాకు మాత్రం ముందు డ్యూటీ కనిపిస్తుంది. ఇప్పటికీ ఒకే సాయంత్రం ఒక షో అవగానే ఇంకో షో. ప్రతిసారీ కొత్త జనం, వాళ్ల ముందు అప్పుడే మొదలుపెట్టినంత హుషారు. పన్నెండో చెక్-ఇన్‌కి అదే నవ్వు నవ్వడం ఎంత కష్టమో కౌంటర్ వెనక నిలబడ్డవాళ్లనడగండి.

నాన్న వీడియో కాల్‌లో అడిగారు, "మన పెళ్లి బ్యాండు లాంటిదేనా?" అని. ట్రంపెట్, క్లారినెట్, డ్రమ్ము... పెద్ద తేడా ఏం లేదు నాన్నా అన్నాను. కాకపోతే మన పెళ్లి బ్యాండుని ఎవరూ టికెట్ కొని కూర్చుని వినరు. వాళ్లకి భోజనం పెట్టేది కూడా అందరూ తిన్నాకే.

2020 మార్చిలో హాల్ మూసేశారు. మా హోటల్ గదులూ ఖాళీ అయ్యాయి, నా షిఫ్టులూ పోయాయి. అద్దె టెన్షన్ ఒకటి, వీసా టెన్షన్ ఇంకొకటి. వాయించేవాళ్లకి వీసా బాధ లేదు గానీ అద్దె బాధ మాత్రం నాలాంటిదే. 2021 జూన్‌లో గానీ హాల్ తలుపులు తెరుచుకోలేదు.

ఆ హాల్లో నాకు బాగా నచ్చింది రేట్ల బోర్డు. పాట కావాలని అడిగితే డబ్బు కట్టాలి. అందరూ అడిగే 'వెన్ ది సెయింట్స్ గో మార్చింగ్ ఇన్' కావాలంటే మిగతావాటికంటే ఎక్కువ కట్టాలి. నా కౌంటర్ మీదా అలాంటి బోర్డొకటి పెట్టమని మేనేజర్ని అడగాలనుంది. దారి చెప్పడానికి ఫ్రీ. "ఏ ఊరు మీది?" అంటే ఒక డాలరు. "అది కాదు, అసలు ఎక్కడివాళ్లు?" అంటే పది.