బీట్‌రూట్ వండిన రోజు

మా అమలాపురం ఇంట్లో బీట్‌రూట్ వండితే కంచాల దగ్గర రెండు పార్టీలు. అత్తయ్యగారు కొబ్బరికోరు దట్టంగా వేసి వేపుడు చేస్తే నాకూ పెద్దమ్మాయికీ కూర చాలదు. మా ఆయన మాత్రం మూత తీయగానే "మళ్ళీ మట్టి వాసనే" అంటూ ఆవకాయ జాడీ వైపు చూస్తారు.

ఆయన్ని వెక్కిరించడానికి లేదండి. దుంపలో జియోస్మిన్ అనే పదార్థం ఉంటుంది. తొలకరి పడ్డాక చేలోంచి వచ్చే వాసనలోనూ ఉండేది అదే. కొందరి ముక్కు ఇట్టే పట్టేస్తుంది. పులుపు తగిలితే అది విరుగుతుంది. అందుకే చింతపండు వేసి రోటిపచ్చడి చేశాను. ఆయనే మారు వడ్డించమన్నారు! (ఏం పచ్చడో చెప్పలేదు లెండి, రంగు చూస్తే తెలిసిపోదూ.)

నాకు చిరాకల్లా "రక్తం పడుతుంది" అని పిల్లల నోట్లో కుక్కేవాళ్ళతోనే. ఆ ఎరుపు దుంపలో ఉండే బీటానిన్ అనే రంగు పదార్థానిది, ఇనుముది కాదు. 100 గ్రాముల దుంపలో ఇనుము 1 మిల్లీగ్రాము కూడా ఉండదు. తిన్నాక కొందరికి మూత్రం ఎర్రగా వస్తుంది, దానికీ కంగారు పడక్కర్లేదు.

మా చిన్నోడిది ఇంకో గోల. అన్నం గులాబీ రంగులోకి మారితేనే తింటాడు, ముక్క కనబడితే మాత్రం ఏరి నా కంచంలో పడేస్తాడు.