వాడు కొట్టేవాడు కాదు

మా అక్క కొడుక్కి ఆటిజం. మొన్న ఒంగోలు బస్టాండులో హారన్ల మోత తట్టుకోలేక చెవులు మూసుకుని గట్టిగా అరిచాడు. పక్కనున్న పెద్దాయన, "ఇలాంటోళ్లే పెద్దయ్యాక మనుషుల్ని కొడతారమ్మా, మంచీ చెడూ తెలీదు వీళ్లకి" అన్నాడు. అక్క మొహం చూడలేకపోయాను.

వాడి అరుపులో ఉన్నది బాధ. ఎదుటివాళ్ల మనసు మొహం చూసి పసిగట్టడం వాడికి కష్టమే, అంతమాత్రాన జాలి లేదంటే ఎలా? క్యారమ్స్‌లో తను గెలుస్తున్నా తొండి ఒప్పుకోడు.

అమెరికాలో 2012లో శాండీ హుక్ బడి కాల్పులప్పుడూ ఆటిజం మీద ఇదే నింద వేశారు. పథకం వేసి చేసే హింసకూ దీనికీ సంబంధం లేదని నిపుణులు అప్పుడే చెప్పారు. నిజానికి వేధింపులకు ఎక్కువగా గురయ్యేది ఈ పిల్లలే. బడిలో మావాడి టిఫిన్ డబ్బా లాక్కున్నవాళ్లున్నారు. వాడు ఇంతవరకు ఎవరిదీ లాక్కోలేదు.