క్యాంపు ఉద్యోగం, క్లోమం జబ్బు, హోటల్ తిండి

బ్యాంకులో ఇన్‌స్పెక్షన్ విభాగంలో వేశారంటే ఇంటి భోజనం మీద ఆశ వదులుకోవాల్సిందే. ఒక బ్రాంచ్‌లో లోన్ ఫైళ్ళు, క్యాష్, బంగారం ప్యాకెట్లు చూసి రిపోర్టు రాయడానికి వారం పది రోజులు పడుతుంది. అది పంపేలోపే ఇంకో ఊరికి ఆర్డరు వచ్చేస్తుంది. నా డ్యూటీ కర్నూలు, నంద్యాల, అనంతపురం, ఇటు మహబూబ్‌నగర్ వైపు. లాడ్జిలో పడక, మూడు పూటలా హోటల్. మా ఆయన, అమ్మాయి హైదరాబాదులో ఉంటారు. ఏళ్ళ తరబడి ఇదే నడిచింది.

జబ్బు కూడా క్యాంపులోనే వచ్చింది. ఓ రాత్రి భోజనం అయ్యాక పొట్ట పైభాగంలో నొప్పి మొదలైంది. గంట తిరగకుండానే వీపులోకి పాకింది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువయ్యేది, ముందుకు వంగి కూర్చుంటే కాస్త తగ్గేది. వాంతులు ఆగలేదు. ఆ ఊళ్ళోని నర్సింగ్ హోమ్‌లో గ్యాస్ అన్నారు, ఇంజెక్షన్ చేసి పంపించారు. తెల్లవారేసరికి నిలబడలేకపోయాను. బ్రాంచ్ మేనేజరుగారు, ఆయన భార్య నన్ను కారులో పడుకోబెట్టి కర్నూలు తీసుకెళ్ళారు. ఆ ఇద్దరికీ నేను జన్మంతా రుణపడి ఉంటాను.

అక్కడ రక్తం తీశారు. ట్యూబులో పైకి తేరిన సీరం పాలలా తెల్లగా ఉంది. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు, 1,840 వచ్చాయి. 150 లోపు ఉండాల్సినవి అవి. లైపేజ్ అనే ఎంజైము గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు దాటితే, ఇలాంటి నొప్పి కూడా ఉంటే క్లోమం వాచినట్టు లెక్క. నాకు అంతకంటే చాలా ఎక్కువే ఉంది. గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 9.8. అది 6.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే డయాబెటిస్ అంటారు. నాకు షుగర్ ఉన్నట్టు కూడా ఆ రోజే తెలిసింది.

క్లోమాన్ని డాక్టర్లు ప్యాంక్రియాస్ అంటారు. జీర్ణాశయం వెనక ఉంటుంది. ఇన్సులిన్ తయారయ్యేది అక్కడే, కొవ్వుని అరిగించే లైపేజ్ తయారయ్యేదీ అక్కడే. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు వెయ్యి దాటి పేరుకుంటే ఆ లైపేజ్ వాటిని క్లోమంలోనే విడగొడుతుంది. అలా విడిపోయిన కొవ్వు ఆమ్లాలు క్లోమం కణాలనే దెబ్బతీస్తాయి. ఈ జబ్బుకి ఎక్కువ మందిలో కారణాలు పిత్తాశయంలో రాళ్ళు, మద్యం. ఆ తర్వాతి స్థానం ఈ ట్రైగ్లిజరైడ్లది. అదుపులో లేని షుగర్ వాటిని ఇంకా పైకి తోస్తుంది. నాకు స్కానింగ్‌లో రాళ్ళు కనపడలేదు. మద్యం ఎప్పుడూ ముట్టలేదు. అయినా పలకరించడానికి వచ్చినవాళ్ళలో కొందరు మా ఆయన్ని పక్కకి పిలిచి ఆ సంగతే అడిగారు. ఈ జబ్బు పేరు వినగానే మనిషిని అలా చూడటం చాలా అన్యాయం. మంచం మీద ఉన్నవాళ్ళు నొప్పితో పాటు ఆ చూపుల్ని కూడా భరించాలి.

మొదట్లో నోటికి ఏమీ ఇవ్వలేదు. సెలైన్, నొప్పికి మందు, ఇన్సులిన్ డ్రిప్, అంతే. ఇన్సులిన్ షుగర్ కోసమే అనుకున్నాను. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు తగ్గడానికి కూడా అదే పనిచేస్తుందని డ్యూటీలో ఉన్న లేడీ డాక్టరు ఓపిగ్గా చెప్పింది. తర్వాత నీళ్ళు, పలచటి జావ, మెత్తటి అన్నం. నీరసం మాత్రం ఇంటికొచ్చాక కూడా నెలల తరబడి వదల్లేదు. మెట్లెక్కితే కాళ్ళు వణికేవి, దువ్వెన పెడితే జుట్టు ఊడొచ్చేది.

డిశ్చార్జి చేసేటప్పుడు డైటీషియన్ ఒక కాగితం ఇచ్చింది. ప్రస్తుతానికి రోజు మొత్తం మీద కొవ్వు 30 గ్రాములు దాటకూడదని అందులో ఉంది. ఒక టీస్పూను నూనె అంటే దాదాపు 5 గ్రాముల కొవ్వు. పాలల్లో, పప్పుల్లో ఉండేది తీసేస్తే రోజుకి రెండు మూడు టీస్పూన్ల నూనె మిగులుతుందేమో. కాగితం అడుగున మాత్రం గీత గీసి ఇలా రాసింది: బయట తిండి పూర్తిగా మానేయండి, ఇంట్లో వండుకున్నదే తినండి.

నా ఉద్యోగం సంగతి చెప్పాను. ట్రాన్స్‌ఫర్ పెట్టుకోమంది.

ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. లారీ డ్రైవర్లు, మెడికల్ రెప్‌లు, ఆర్టీసీ కండక్టర్లు, విత్తనాల కంపెనీల సేల్స్ కుర్రాళ్ళు, ఎంతమందికి ఇంటి అన్నం తినే వీలుంది? వాళ్ళకి షుగర్ వస్తే, గుండె జబ్బు వస్తే ఏం చెయ్యాలి? ఇంటి తిండి తినమనడం మంచి సలహాయే కానీ, అది ఇంట్లో ఉన్నవాళ్ళకి. హోటల్లో తినక తప్పని మనిషికి హోటల్లో ఎలా తినాలో చెప్పాలి. హైదరాబాదులో నన్ను తర్వాత చూసిన డాక్టరుగారు ఆ పని చేశారు. “మీరు వెళ్ళే ఊళ్ళలో ఏం దొరుకుతుందో చెప్పండమ్మా, అందులోంచే ఏరుకుందాం” అన్నారు. గ్లూకోమీటరు కొనిపించి, తిన్న రెండు గంటలకి చూసుకుని డైరీలో రాయమన్నారు. మళ్ళీ డ్యూటీలో చేరగలనన్న ధైర్యం నాకు ఆ రోజే వచ్చింది.

డైరీ చాలా చెప్పింది. ఇడ్లీకి నూనె గొడవ లేదు, కానీ నాలుగు తింటే షుగర్ పెరుగుతోంది. రెండు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు, దారిలో బండి మీద కొన్న ఉడకబెట్టిన గుడ్ల తెల్లసొన రెండు అయితే ఫర్వాలేదు. కర్నూలు, అనంతపురం వైపు పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ. బజ్జీ వదిలేసి ఉగ్గాని తిందామనుకున్నాను, కానీ అవి బొరుగులు కదా, మీటరు ఒప్పుకోలేదు. పెసరట్టు నాకు బాగా పడింది. పెసలు పొట్టుతో రుబ్బిన పిండి, లోపల ఉప్మా లేకుండా ఒకటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి తెలియదు. అల్లం పచ్చడిలో బెల్లం ఉంటుంది కాబట్టి ముట్టను. పల్లీల్లో సగానికి దగ్గరగా నూనే కాబట్టి పల్లీ చట్నీ కూడా దూరం పెట్టాను. ఇది నా జబ్బుకి పెట్టిన కట్టుబాటు, షుగర్ ఒక్కటే ఉన్నవాళ్ళు పల్లీ చట్నీకి అంత భయపడక్కర్లేదు.

హోటల్లో ఎలా అడగాలన్నది వీటన్నిటికంటే ముఖ్యం. “నూనె తక్కువ వెయ్యండి” అంటే లాభం లేదు. మాస్టరు లెక్కలో తక్కువంటే నాకది రోజంతటికీ సరిపడా నూనె. ఏం చెయ్యాలో విడమర్చి చెప్పాలి. “అన్నా, పెనం తుడిచి అట్టు పొయ్యండి, చుట్టూ నూనె వద్దు, మూత పెట్టండి” అంటే చేసిపెడతారు. “పప్పులో తాలింపు పెట్టకముందే ఒక గిన్నె తీసి పక్కన పెడతారా?” అని ముందురోజు అడిగితే మర్నాడు ఉంటుంది. రద్దీ సమయంలో అడిగితే ఎవరికైనా విసుగే. అందుకే మధ్యాహ్నం పన్నెండున్నర లోపే వెళ్తాను. ఒకే ఊళ్ళో వారం ఉంటాను కాబట్టి ఒకే హోటల్ పట్టుకుంటాను, మూడో రోజుకి వాళ్ళే గుర్తుపెట్టుకుంటారు. అనంతపురంలో ఒక మాస్టరు మొదటిరోజు “నూనె లేకుంటే రుచేముంటాది మేడమ్?” అన్నాడు. జబ్బు సంగతి చెప్పాక నేనున్నన్నాళ్ళూ అన్నీ అడిగి వండాడు. వాళ్ళమ్మకి కూడా షుగరేనట. మనం అడగం కానీ, అడిగితే కాదనేవాళ్ళు తక్కువ.

మధ్యాహ్నం భోజనం కష్టం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్ళు ఉండాలి. ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటకూడదు. మీల్స్ హోటల్లో అంతా తలకిందులు. పళ్ళెం నిండా అన్నం, చిన్న గిన్నెలో కూర, దాని మీద తేలే నూనె, పక్కన వేపుడు, అప్పడం, స్వీటు. ఫుల్ మీల్స్ తీసుకుంటే వడ్డించేవాళ్ళు వద్దన్నా వేస్తారు, అందుకని ప్లేట్ మీల్స్ చెప్తాను. వేపుడు, అప్పడం, స్వీటు వెయ్యక ముందే వద్దంటాను. వేశాక వదిలేయడం నాకు చేతకాదు, అన్నం పారేయకూడదని పెరిగినదాన్ని. ఆ బదులు రెండో గిన్నె పప్పు, రసం, పెరుగు అడుగుతాను. కీరా, క్యారెట్ పొద్దున్నే బజార్లో కొని కడిగి డబ్బాలో పెట్టుకుంటాను. అవీ పప్పూ ముందు తిని, అన్నం చివర్న తింటాను. అన్నం అంతే తిన్నా ఇలా తింటే రెండు గంటల తర్వాత షుగర్ తక్కువగా ఉంటోంది. కూరగాయలు, పప్పు ముందు కడుపులో పడితే పిండిపదార్థం నెమ్మదిగా అరుగుతుందని డాక్టరుగారు చెప్పారు.

నూనెలో వేయించినవి బయట ఎక్కడా తినను. నూనె పదే పదే కాగితే అందులో పోలార్ పదార్థాలనే చెడు పదార్థాలు పెరుగుతాయి, అవి 25 శాతం దాటితే దాన్ని వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. కానీ బాణలిలో నూనె ఎన్నిసార్లు కాగిందో టేబుల్ దగ్గర కూర్చున్న మనకి ఎలా తెలుస్తుంది?

రాత్రి భోజనంలో మాత్రం రాయలసీమ, పాలమూరు నన్ను కాపాడాయి. సాయంత్రమైతే రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేసే అక్కలు కర్నూల్లో, మహబూబ్‌నగర్‌లో కనిపిస్తారు. జొన్నపిండి, వేడినీళ్ళు, చేతి పని, అంతే, నూనె చుక్క ఉండదు. ఒక రొట్టె, ఆకుకూర పప్పు, ఉల్లిపాయ ముక్క. అంతకంటే మంచి భోజనం పెద్ద హోటల్లో కూడా నాకు దొరకలేదు. అనంతపురంలో అయితే సంగటి. రాగి మంచిదే కానీ సంగటిలో బియ్యమూ ఉంటాయి, అందుకని సగం ముద్దే తింటాను. నాటుకోడి పులుసు వాసన చూస్తూ పప్పుతో తినడం కష్టంగానే ఉండేది, ఇప్పుడు అలవాటైంది. ఏసీ రెస్టారెంట్ తప్ప వేరే దారి లేకపోతే నెయ్యి, వెన్న రాయని పుల్కాలు, ప్లెయిన్ దాల్, గ్రీన్ సలాడ్ చెప్తాను. వాళ్ళ చపాతీని నూనెతో కాలుస్తారు, నాన్, పరోటా మైదావి. చిక్కటి సూపుల్లో కార్న్‌ఫ్లోర్ ఉంటుంది.

ఆడవాళ్ళకి ఇంకో సమస్య ఉంది. చిన్న ఊళ్ళలో రాత్రి ఎనిమిదిన్నర తర్వాత ఒంటరిగా వెళ్ళి కూర్చోగలిగే హోటళ్ళు తక్కువ. పార్శిల్ తెప్పించుకుంటే ఏం వచ్చిందో గదిలో విప్పాకే తెలుస్తుంది. అందుకే పని ఎంతున్నా ఏడింటికి బ్రాంచ్ నుంచి బయటపడి, వెలుతురున్న చోట తిని, అక్కడక్కడే పావుగంట నడిచి లాడ్జికి వస్తాను. దీని గురించి మా విభాగంలో ఎవరూ మాట్లాడరు. టీఏ బిల్లుల్లో రూపాయి రూపాయి లెక్క చూస్తారు, మనిషి రాత్రి ఏం తిందో అడగరు.

మర్యాదలు తప్పించుకోవడం మరో పని. ఇన్‌స్పెక్టర్ వచ్చిందంటే సమోసాలు, కూల్‌డ్రింకులు, బత్తాయి రసం టేబుల్ మీదికి వస్తాయి. పళ్ళరసంలో చక్కెర కాలేయంలోకి వెళ్ళి ట్రైగ్లిజరైడ్లుగా మారుతుంది, అందుకని పండైతే తింటాను, రసం తాగను. “షుగర్ ఉంది” అంటే “ఒక్కదానికి ఏం కాదు మేడమ్” అంటారు. “ప్యాంక్రియాస్ వాచి ఆసుపత్రిలో పడ్డాను, మళ్ళీ వస్తే ప్రాణానికే ప్రమాదమన్నారు” అంటే ఇక బలవంతపెట్టరు. ఇప్పుడు మొదటిరోజే ఆ మాట చెప్పేస్తాను. చక్కెర లేని టీ ఒక్కటి చాలు.

ఈసారి పరీక్షల్లో ట్రైగ్లిజరైడ్లు 164, హెచ్‌బీఏ1సీ 6.7. ఇన్సులిన్ ఆపేశారు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, ట్రైగ్లిజరైడ్లకి ఫెనోఫైబ్రేట్ మాత్రలు నడుస్తున్నాయి. కాగితం మీద నంబర్లు బాగున్నాయని మాత్రలు మానొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. నూనె కట్టుబాటు కొంచెం సడలించారు, అందుకని దీపావళికి మా అమ్మాయి చేసిన బొబ్బట్టు సగం తిన్నాను.

రాత్రి బస్సు ప్రయాణాలకి మాత్రం ఇంకా దారి దొరకలేదు. బస్సు ఆపే దాబాల్లో ఆ వేళకి ఎగ్ ఫ్రైడ్ రైసు, పరోటా తప్ప ఏమీ ఉండవు. ఎక్కేముందే తినేసి, సంచిలో జామకాయ, వేయించిన శనగలు పెట్టుకుంటున్నాను. బస్సు ఆలస్యమైతే అవి చాలడం లేదు. కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చే దారిలో రాత్రి పదకొండు తర్వాత కూడా పుల్కా, తాలింపు లేని పప్పు పెట్టే చోటు మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.