పక్కదారి రక్తప్రసరణ సంగతి రక్తపరీక్ష చెప్పగలదా?

మెదడులోని ఒకే ధమని, ఒకే చోట, గడ్డ అడ్డుపడి మూసుకుపోయిన ఇద్దరు రోగులను తీసుకుంటే, ఒకరికి రెండు మూడు గంటల్లోనే ఆ ధమని పరిధిలోని భాగం చాలావరకు చచ్చిపోవచ్చు; మరొకరికి సాయంత్రం దాకా ఆ భాగం కొనఊపిరితోనైనా నిలిచి ఉండవచ్చు. ఈ తేడాకు ప్రధాన కారణం కొలేటరల్ ప్రసరణ, అంటే పక్కదారుల గుండా అందే రక్తం. మెదడు అడుగున థామస్ విల్లిస్ 1664లో వర్ణించిన ధమనుల వలయం అటువంటి ఒక దారి. మెదడు పైపొర మీద ఒక ధమని కొసలను పక్క ధమని కొసలతో కలిపే సన్నని నాళాలు మరొక దారి. చికిత్స అందని పెద్ద స్ట్రోక్‌లో (పక్షవాతంలో) నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో వేసిన లెక్క సగటు మాత్రమే. పక్కదారులు ఎలా ఉన్నాయన్నదాన్ని బట్టి ఆ వేగం మనిషి మనిషికీ మారుతుంది.

ఈ నాళాలను చూడాలంటే సీటీ యాంజియోగ్రామ్, అంటే రక్తంలోకి రంగుమందు ఎక్కించి తీసే స్కాన్ కావాలి. నేను వైద్యం చేసే ఒడిశాలోని రాయగడ ప్రాంతంలో మామూలు సీటీ స్కాన్ దొరకడమే భాగ్యం. గడ్డను కరిగించే మందుకు గడువు సాధారణంగా నాలుగున్నర గంటలు. తీగను ధమనిలోకి పంపి గడ్డను బయటకు లాగే చికిత్స, ఎంపిక చేసిన రోగులకు 24 గంటల వరకు మేలు చేయగలదని 2018లో తేలింది. కానీ ఆ చికిత్స కోసం మావాళ్లు పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటుకుని విశాఖకు చేరాలి. అంతసేపు ఈ మెదడు ఆగుతుందా అన్న ప్రశ్నకు చిన్న రక్తపరీక్ష జవాబు చెబితే, నగరాల కంటే మాకే ఎక్కువ ఉపయోగం. అందుకే ఈ విషయంపై వచ్చే పరిశోధనలను ఆశగా చదువుతాను. చదివిన ప్రతిసారీ కొంత అనుమానమూ మిగులుతుంది.

తరచుగా వినిపించే సూచికలు మనకు తెలిసినవే: షుగర్, యూరిక్ యాసిడ్, ఒంట్లోని వాపును చూపే సీఆర్పీ, రక్తం గడ్డకట్టడానికి సంబంధించిన ఫైబ్రినోజెన్, డీ-డైమర్, తెల్లకణాల నిష్పత్తి. చివరిది చౌక. సీబీసీ (రక్తకణాల లెక్క) కాగితం మీద తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనే రకం 82 శాతం, లింఫోసైట్స్ అనే రకం 11 శాతం అని ఉంటే, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఏడున్నర దగ్గరికి వస్తుంది. ఆరోగ్యవంతుల్లో అది మామూలుగా ఒకటికీ మూడుకూ మధ్య ఉంటుంది. ఈ నిష్పత్తి ఎక్కువగా ఉన్నవారిలో పక్కదారులు బలహీనంగా కనిపించాయని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. అయితే స్ట్రోక్ వచ్చిన కొద్ది గంటల్లోనే శరీరం ఒత్తిడి హార్మోన్లను విడుదల చేసి న్యూట్రోఫిల్స్‌ను పెంచుతుంది, లింఫోసైట్స్‌ను తగ్గిస్తుంది. పక్కదారులు సరిగా లేక మెదడు ఎక్కువగా దెబ్బతిన్నందువల్ల నిష్పత్తి పెరిగిందా, లేక పెరగడానికి కారణమైన వాపే పక్కదారులను దెబ్బతీసిందా అన్నది ఒక్కసారి తీసిన రక్తంతో తేలదు.

మా ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయిన మనిషిని మా దగ్గరకు తెచ్చేలోపు ఊళ్లోని ఆర్‌ఎంపీ ఒక డెక్సా (స్టెరాయిడ్) ఇంజెక్షన్ పొడిచి, ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించి ఉంటాడు. డెక్సా అటు తెల్లకణాల నిష్పత్తినీ, ఇటు షుగర్‌నూ పెంచుతుంది. గ్లూకోజ్ బాటిల్ సంగతి చెప్పనక్కరలేదు. మలేరియా జ్వరం తగిలి ఉంటే సీఆర్పీ కూడా పైకే ఉంటుంది. పెద్ద నగరాల ఆసుపత్రులలో తేల్చిన హద్దు అంకెను ఈ రక్తానికి వర్తింపజేయడం నాకు సమ్మతం కాదు.

నిలకడగా ఉండే సూచికలపై నాకు కాస్త ఎక్కువ నమ్మకం. పక్కదారుల సంఖ్యలో పుట్టుకతో వచ్చే తేడా చాలా ఉంటుందనీ, ఎలుకలలో రబెప్2 అనే జన్యువు ఆ తేడాను గట్టిగా నిర్ణయిస్తుందనీ 2016లో తెలిసింది. ఆ తర్వాత వయసు, రక్తపోటు, మధుమేహం వాటిని ఏళ్ల తరబడి సన్నబరుస్తాయి. యూరిక్ యాసిడ్, మూడు నెలల షుగర్ సగటు ఈ పాత చరిత్రకు ఆనవాళ్లు కాబట్టి, ఒక్క ఇంజెక్షన్‌తో అవి తలకిందులు కావు. అయినా అవి చెప్పేది ఒక గుంపు గురించే. మంచం మీద ఉన్న ఈ ఒక్క మనిషి గురించి రూఢిగా చెప్పలేవు. పైగా, సూచికలను సరిచూసే కొలబద్దే ఒక్కోసారి కదులుతుంది: రంగుమందు ఎక్కించాక ఒకే దశలో, అంటే ఒక్కసారే తీసిన యాంజియోగ్రామ్‌లో ఆలస్యంగా నిండే నాళాలు కనిపించక, ఉన్న పక్కదారి లేనట్టు నమోదు కావచ్చు.

అంకె బాగుందని అంబులెన్స్‌ను ఆలస్యం చేయడం, బాగాలేదని రోగిని పంపకుండా ఆపేయడం రెండూ ఇప్పటి జ్ఞానంతో చేయకూడని పనులే అని నా అభిప్రాయం. ఊహించడం కంటే ఉన్న పక్కదారులను కాపాడడం మన చేతిలో ఉన్న పని. వాటిలోకి రక్తాన్ని నెట్టేది రక్తపోటే. 200 చూసి కంగారుపడి రక్తపోటును తగ్గించే నిఫెడిపిన్‌ను నాలుక కింద పిండితే ఆ ప్రవాహం కుప్పకూలవచ్చు. గడ్డను కరిగించే మందు ఇవ్వాలంటే 185/110 కంటే తగ్గించాలి. అటువంటి చికిత్స ఏదీ లేకపోతే 220/120 దాకా సాధారణంగా జోలికి పోరు. రోగిని పంపేటప్పుడు రిఫరల్ చీటీ మీద నేను రాసేవి ఇవే: చివరిసారి బాగున్న వేళ, రక్తపోటు, షుగర్ అంకె, అంతకుముందు ఎక్కించిన సెలైన్, పొడిచిన ఇంజెక్షన్ పేరు తెలిస్తే అదీ. రక్తం అంకెలను అర్థం చేసుకోవాలన్నా అవతలి వైద్యుడికి మొదట కావలసింది ఈ చివరి వరుసే.